రేడియేటా పైన్: మేలైన చెట్టు గింజ వేసినా పిల్లలు మామూలుగానే ఎందుకొస్తాయి? లావు, నిటారుతనం ఎంతవరకు వంశపారంపర్యం?

మొలక_రాశి:

న్యూజిలాండ్ రేడియేటా పైన్ ప్రజననం గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

తోటలో వేల చెట్ల మధ్య లావుగా, నిటారుగా, సన్నకొమ్మలతో ఉన్న చెట్టును వెతికి ప్లస్ ట్రీగా గుర్తు పెడతారు. దాని కాయలు కోసి, నారు పోసి, నాటి ఎనిమిదో ఏట కొలిస్తే పిల్ల చెట్ల సగటు మామూలు విత్తనపు చెట్ల కంటే కొద్దిగానే ఎక్కువ ఉంటుందట. తల్లి అంత బాగున్నప్పుడు ఆ లావు పిల్లలకు ఎందుకు రావట్లేదు? డీబీహెచ్‌కు (ఛాతీ ఎత్తులో కాండం వ్యాసానికి) హెరిటబిలిటీ (వంశపారంపర్యత) 0.2 అని రాస్తారు. అంటే చెట్టు లావులో ఐదో వంతు జన్యువులది, మిగతా నాలుగు వంతులు నేలది అనుకోవచ్చా?

రెండోది కాండం తీరు. వంకర చెట్టు కనపడితే అది పుట్టుకతో వచ్చిన వంకరా, గాలికి ఒరిగి వచ్చినదా ఎలా తేలుస్తారు? నిటారుతనానికి కంటితో చూసి 1 నుంచి 9 వరకు మార్కులు వేస్తారని చదివాను. కంటి అంచనా మీద కట్టిన లెక్క నిలుస్తుందా?

మూడోది, ప్రొజెనీ ట్రయల్‌లో (పిల్లలను నాటి తల్లిని అంచనా వేసే పరీక్షలో) ఒక్కో తల్లికి ఎన్ని మొక్కలు, ఎన్ని చోట్ల వేయాలి?

తల్లివేరు:

ముందు ఆ 0.2 సంగతి చూద్దాం. మీ మొదటి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. హెరిటబిలిటీ అనేది ఒక్కో చెట్టు లావును వాటాలు వేసే లెక్క కాదు. ఒకే వయసు తోటలో చెట్టుకీ చెట్టుకీ మధ్య కనిపించే తేడాల్లో పిల్లలకు దిగే భాగం ఎంత అన్నదే ఆ అంకె. తోట మారినా, వయసు మారినా, నాటిన దూరం మారినా అదీ మారుతుంది.

ఒక ఉదాహరణ వేసుకోండి. తోట సగటు 20 సెం.మీ., ప్రామాణిక విచలనం (సగటు నుంచి చెట్లు ఎంత అటూ ఇటూ ఉన్నాయో చెప్పే అంకె) 3 సెం.మీ. మీరు గుర్తు పెట్టిన చెట్టు 27.5 సెం.మీ. అంటే సగటు మీద 7.5 ఎక్కువ. అందులో జన్యువుల బలం అని ఆశించదగ్గది 0.2 × 7.5 = 1.5 సెం.మీ. మాత్రమే. మిగతా 6 సెం.మీ. పక్క మొక్క చచ్చి చోటు దొరకడం వల్లో, పాత కొమ్మాకు కుప్ప కుళ్లిన జాగాలో పడడం వల్లో, నర్సరీలోనే బలమైన నారుగా రావడం వల్లో వచ్చింది. అదేదీ గింజలోకి దిగదు. ఇక ఆ 1.5లోనూ తల్లి పిల్లకు ఇచ్చేది సగం. రెండో సగం పుప్పొడి తెచ్చేది, తోటలో గాలికి వచ్చే పుప్పొడి సగటు చెట్లది. కాబట్టి పిల్లల సగటు 20.75 సెం.మీ. ముప్పావు సెంటీమీటరు తేడా తోటలో నడుస్తూ చూస్తే కంటికి ఆనదు. మీరు చదివిన ఫలితంలో తప్పేమీ లేదు, లెక్క ప్రకారమే వచ్చింది.

అందుకే ప్లస్ ట్రీని తోట మొత్తం సగటుతో కాకుండా, పక్కనే అదే నేలలో ఉన్న నాలుగైదు పెద్ద చెట్లతో పోల్చి ఎంచుతారు. అలా చేస్తే నేల వల్ల వచ్చిన తేడా కొంత తగ్గుతుంది. అయినా తల్లి రూపాన్ని చూసి చెప్పేది బలహీనమైన సాక్ష్యమే. పిల్లల సగటును చూసి తల్లి గురించి చెప్పడమే అసలు పరీక్ష.

అది ఎంత మెరుగో ఇదే ఉదాహరణలో చూడండి. మొత్తం వేరియన్స్ (విచలనం వర్గం) 9. ఒకే తల్లికి గాలి పుప్పొడితో పుట్టిన ఫ్యామిలీల మధ్య వేరియన్స్ 0.45, మిగిలింది 8.55 అనుకుందాం. ఒకే తల్లి, వేర్వేరు తండ్రుల పిల్లలు కాబట్టి ఫ్యామిలీల మధ్య కనపడేది సంకలన జన్యు వేరియన్స్‌లో (పిల్లలకు దిగే జన్యు తేడాలో) నాలుగో వంతు. అందుకే 4 × 0.45 = 1.8, దాన్ని 9తో భాగిస్తే 0.2. ఇప్పుడు ఒక ఫ్యామిలీకి 30 చెట్లు కొలిస్తే, ఫ్యామిలీ సగటు హెరిటబిలిటీ 0.45 ÷ (0.45 + 8.55/30), అంటే సుమారు 0.61. 10 చెట్లే ఉంటే 0.34కి పడిపోతుంది. 60 ఉంటే 0.76. ఖచ్చితత్వం, అంటే మన అంచనా అసలు జన్యు విలువతో ఎంత కలుస్తుందన్నది, ఈ అంకెల వర్గమూలం. తల్లి చెట్టును ఒక్కదాన్నే చూసి తీర్పు చెబితే 0.45, దాని 30 మంది పిల్లల్ని చూసి చెబితే 0.78.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఆ నాలుగుతో గుణించడం అన్నది ప్రతి గింజకూ తండ్రి వేరే అనే ఊహ మీద నడుస్తుంది. పైన్‌లో చాలావరకు పరపరాగ సంపర్కమే అయినా, కొన్ని గింజలు ఆ చెట్టు పుప్పొడితోనే పుడతాయి. అలాంటి మొక్కలు గిడసబారి ఉంటాయి. అవి ఒక తల్లికి ఎక్కువ, మరో తల్లికి తక్కువ ఉంటే ఫ్యామిలీల మధ్య తేడా ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. పక్కపక్క చెట్లు తోబుట్టువులైనా అదే జరుగుతుంది. అందుకే చాలామంది 4 బదులు 3 దాకా దించి లెక్క కడతారు. రెండోది, ఒకే చోట వేసిన ట్రయల్ ఎప్పుడూ ఎక్కువ చూపిస్తుంది. ఆ 0.45లో 0.15 ఆ నేలకే పరిమితమైన తేడా అయితే, వేరే నేలకు తీసుకెళ్లగలిగేది 0.30. అప్పుడు హెరిటబిలిటీ 0.2 కాదు, 0.13. ఒకే సైట్ అంకెతో లాభాలు చెప్పేవాళ్లను ముందు ఇదే అడగాలి.

నిలువుగీత:

నేను కాండం తీరు గురించి రాస్తాను. దీన్ని పై చూపుకు సంబంధించిన విషయం అనుకుంటారు గానీ అలా కాదు. వంగిన పైన్ కాండం కింది వైపు కంప్రెషన్ వుడ్ కడుతుంది. ముదురు రంగులో, బరువుగా ఉంటుంది. ఎండేటప్పుడు మామూలు చెక్క కంటే పొడవునా ఎక్కువ కుంచించుకుంటుంది. దాంతో పలక వంగి మెలి తిరుగుతుంది. రంపం దగ్గర పోయే చెక్క ఒక నష్టమైతే, కోశాక ఎండబెట్టేటప్పుడు పోయేది ఇంకో నష్టం.

మార్కుల విషయం. న్యూజిలాండ్‌లో 1 అంటే బాగా వంకర, 9 అంటే నిటారు. ఆస్ట్రేలియాలో 1 నుంచి 6 వరకు వేసే పద్ధతి ఎక్కువ. కంటితో వేసినా పని చేస్తుంది, కానీ కొన్ని నియమాలు తప్పకూడదు.

చెట్టును ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు వైపుల నుంచి చూడాలి. ఒకే దిక్కుకు వంగిన కాండం ఎదురుగా నిలబడి చూస్తే తిన్నగా గీత గీసినట్టు కనిపిస్తుంది, రెండడుగులు పక్కకు జరిగితే విల్లులా ఉంటుంది. చూడాల్సింది ముఖ్యంగా కింది 6 మీటర్లు, ఎందుకంటే విలువంతా ఆ మొదటి దుంగలో ఉంది. ఆ తోటలో అతి వంకర చెట్లకు 1, అతి మంచి వాటికి 9 వచ్చేలా, ఎక్కువ చెట్లు 4, 5, 6 దగ్గర పడేలా ముందే నడిచి చూసి కన్ను సరిచేసుకోవాలి. అన్నిటికీ 6, 7 వేసుకుంటూ పోతే ఫ్యామిలీల మధ్య తేడా చచ్చిపోతుంది. ఒక బ్లాక్ (ట్రయల్‌లో ఒకే తీరు నేల ఉన్న ఒక ముక్క) మొత్తం ఒకరే వేయాలి. పొద్దున మొదలుపెట్టినవాళ్ల చేయి మధ్యాహ్నానికి మారుతుంది. బ్లాక్ ప్రభావంలో ఆ మార్పు కలిసిపోతే నష్టం లేదు. బ్లాక్ మధ్యలో మనిషి మారితేనే చిక్కు. రాసుకునేవాళ్లు వేరే ఉండాలి. మార్కు వేసేవాళ్లకు అది ఏ ఫ్యామిలీయో తెలియకూడదు.

చీలిక కాండం, నిలువుగా లేచిన బొద్దు కొమ్మ వేరే లక్షణం, వాటికి వేరే మార్కు. చీలింది కదా అని నిటారుతనంలో కూడా కోత వేస్తే ఒకే దోషానికి రెండుసార్లు శిక్ష వేసినట్టు. ఆ తర్వాత రెండు లక్షణాల మధ్య కనిపించే జన్యు సహసంబంధం (జన్యువుల వల్ల రెండూ కలిసి మారే తీరు) మీరు పుట్టించిందే అవుతుంది.

హెరిటబిలిటీ అంకెలు స్థూలంగా ఇలా ఉంటాయి. డీబీహెచ్ 0.2 చుట్టూ, నిటారుతనం 0.2 నుంచి 0.3, ఏడాదికి వేసే కొమ్మ చక్రాల (కాండం చుట్టూ ఒకేచోట వచ్చే కొమ్మల గుంపుల) సంఖ్య అంతకంటే బాగా ఎక్కువ, చీలికలు 0.1 దగ్గర. మంచి మాటేమిటంటే నిటారుతనంలో ఫ్యామిలీల వరుస ఒక నేల నుంచి ఇంకో నేలకు పెద్దగా తారుమారు కాదు. డీబీహెచ్‌లో అవుతుంది.

పుట్టు వంకరా, గాలి వంకరా అన్న ప్రశ్నకు ఒక్క చెట్టును చూసి జవాబు చెప్పలేం. కాండం కొన్ని గుర్తులు మాత్రం ఇస్తుంది. మొదటి మీటరులోనే ఒక్క వంపు ఉండి, ఆపైన తిన్నగా ఉంటే అది చాలావరకు నాటిన మొదటి రెండు మూడేళ్లలో గాలికి ఒరిగి లేచిన మొక్క. బ్లాక్‌లో చాలా చెట్లకు ఒకే దిక్కున వంపు ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. కాండం పొడవునా అటూ ఇటూ పాములా తిరిగితే జన్యువుల వైపు చూడొచ్చు, కానీ ముందు ఆకు పరీక్ష చేయించాలి. రాగి లోపం ఉన్న ఇసుక నేలల్లో రేడియేటా కాండం, కొమ్మలు మెలికలు తిరుగుతాయి. ఆకులో రాగి 2 పీపీఎం కంటే తగ్గితే లోపమే. బోరాన్ 8 పీపీఎం కంటే తగ్గితే చివరి మొగ్గ ఎండి, పక్క కొమ్మలు లేచి, చీలికలు వస్తాయి. ఇలాంటి నేలలో వేసిన ట్రయల్ ఫ్యామిలీల గురించి చెప్పేది తక్కువ, ఎరువు గురించి చెప్పేది ఎక్కువ.

ఒరగడానికి ఇంకో కారణం నాటే చేతిది. వేరు గుంటలో పైకి మడిచి నాటితే పట్టు ఉండదు. పాత పచ్చిక భూముల్లో నత్రజని ఎక్కువై పై భాగం దబ్బున పెరుగుతుంది, వేరు వెనకబడుతుంది. అక్కడ వంపులు, చీలికలు రెండూ ఎక్కువ. అయితే అదే కారణంగా కాండం తీరును పరీక్షించడానికి అలాంటి నేల పనికొస్తుంది. అన్నీ నిటారుగా పెరిగే చోట ఏ ఫ్యామిలీ మంచిదో ఎలా తెలుస్తుంది?

మొలక_రాశి:

ఇద్దరికీ ధన్యవాదాలు. తల్లివేరు గారి లెక్క చూశాక 0.2 అర్థమైంది. ఒక అనుమానం. లావు, నిటారుతనం ఒకదానికొకటి అడ్డమా? లావు కోసం ఎంచుకుంటూ పోతే వంకర వస్తుందా?

వలయాలు:

రేడియేటాలో ఆ రెండింటికీ పెద్ద పేచీ లేదు. జన్యు సహసంబంధం సున్నాకు దగ్గర, కొన్నిచోట్ల కాస్త అనుకూలం కూడా. పేచీ ఉన్నది ఫ్రాన్స్ లాండ్ ప్రాంతపు మారిటైమ్ పైన్‌లో అని గుర్తుంచుకోండి. అక్కడ ఆ పైన్‌లో స్థానిక రకం వేగంగా పెరుగుతుంది, అడుగున వంగుతుంది. కోర్సికా దీవి రకం తిన్నగా ఉంటుంది, నెమ్మదిగా పెరుగుతుంది. అందుకే ఆ రెంటినీ కలిపిన రకాలు కూడా తయారు చేశారు. క్వీన్స్‌లాండ్‌లో స్లాష్ పైన్, కరీబియన్ పైన్ సంకరం వెనక ఉన్న ఆలోచనా అలాంటిదే. వేగం కరీబియన్‌ది. గాలికి తట్టుకోవడం, తడి నేలను ఓర్చుకోవడం స్లాష్‌వి.

రేడియేటాలో అసలు ధర వేరేచోట కట్టాలి. అది చెక్క సాంద్రత. సాంద్రతకు హెరిటబిలిటీ 0.5 పైనే. డీబీహెచ్‌తో దాని జన్యు సహసంబంధం ప్రతికూలం, చాలా అంచనాలు మైనస్ 0.3 నుంచి మైనస్ 0.5 మధ్య వస్తాయి. తల్లివేరు గారి ఉదాహరణనే పొడిగిస్తాను. సాంద్రత హెరిటబిలిటీ 0.6, విచలనం ఘనమీటరుకు 25 కిలోలు, సహసంబంధం మైనస్ 0.4 అనుకోండి. డీబీహెచ్ మాత్రమే చూసి పైనున్న 10 శాతం చెట్లను ఉంచితే ఎంపిక తీవ్రత (ఎంచిన చెట్ల సగటు మొత్తం సగటు కంటే ఎన్ని విచలనాలు పైనుందో చెప్పే అంకె) 1.755. లావులో లాభం 1.755 × 0.2 × 3, అంటే సుమారు 1.05 సెం.మీ. అదే దెబ్బకు సాంద్రత ఘనమీటరుకు దాదాపు 6 కిలోలు తగ్గుతుంది. మీరు సాంద్రతను కొలవనే లేదు, అయినా అది పోయింది. ఇలా రెండు మూడు తరాలు నడిస్తే, దానికి తోడు 25 నుంచి 30 ఏళ్లలోనే నరికే తోటల్లో ఎలాగూ లేత లోపలి చెక్కే ఎక్కువ కాబట్టి, ఇళ్ల చట్రాలకు కావాల్సిన బిగువు పలకకు రాదు.

న్యూజిలాండ్‌లో 1980ల్లో వచ్చిన జీఎఫ్ రేటింగ్ పేరే ఎదుగుదల, తీరు (గ్రోత్ అండ్ ఫార్మ్). విత్తనం లాట్‌కు ఒకే అంకె ఇచ్చేవారు. చెట్లెక్కి కోసిన విత్తనానికి 7, గాలి పుప్పొడి సీడ్ ఆర్చర్డ్ (మేలైన చెట్లతో వేసిన విత్తనపు తోట) విత్తనానికి 14 చుట్టూ, చేత్తో పుప్పొడి వేసి చేసిన మేలైన సంకరాలకు 20 దాటి. ఆ ఒక్క అంకెలో చెక్క నాణ్యత లేదు. 1998లో వచ్చిన జీఎఫ్ ప్లస్‌లో ఎదుగుదల, నిటారుతనం, కొమ్మల తీరు, డోతిస్ట్రోమా ఆకు తెగులు నిరోధం, సాంద్రత లాంటివాటికి విడివిడి అంకెలు ఇచ్చారు. నా దృష్టిలో ఆ మార్పు కొత్త తల్లిచెట్లు తేవడమంత పెద్దది, ఎందుకంటే కొనేవాళ్లకు తాము దేన్ని వదులుకుంటున్నారో అప్పటినుంచి కనిపించింది.

కొలవకుండా జారిపోయేది ఇంకొకటి ఉంది. వేగం, నిటారుతనం, చీలికలు లేకపోవడం ఈ మూడింటికీ ఏడాదికి ఎక్కువ కొమ్మ చక్రాలు వేసే గుణం తోడుగా వస్తుంది. దాంతో తీరు కోసం చేసిన ఎంపిక వల్ల చక్రాల మధ్య దూరం తగ్గిపోయింది. కొమ్మలు సన్నబడ్డాయి, మంచిదే. కానీ కొమ్మలు నరకని పై దుంగల్లో ముడి లేని నిడుపు చెక్క దొరకదు. దూరపు కణుపులు కావాలని విడిగా ఒక రకాన్ని పెంచారు, దానికి ఎదుగుదలలోనూ తీరులోనూ కొంత వెనకబాటు ఒప్పుకోవాల్సి వచ్చింది.

సాంద్రత కొలవడం భారం అని వదిలేయకండి. హెరిటబిలిటీ ఎక్కువ కాబట్టి ఫ్యామిలీకి 10 చెట్ల నుంచి 5 మి.మీ. కోర్ (కాండంలోకి తొలిచి తీసే సన్న చెక్క పుల్ల) తీస్తే చాలు. 0.6 హెరిటబిలిటీతో 10 చెట్ల సగటుకు వచ్చే నమ్మకం (ఫ్యామిలీ సగటు హెరిటబిలిటీ) 0.64. డీబీహెచ్‌లో అంత నమ్మకానికి 30 చెట్లు దాటాలి. బెరడు నుంచి నడిమి దవ్వ దాకా మొత్తం కోర్ తీయండి, కొమ్మ చక్రాలకు దూరంగా, ఒరిగిన చెట్టయితే వంపుకు అడ్డంగా. వంపు దిక్కున తీస్తే కంప్రెషన్ వుడ్ తగిలి సాంద్రత అబద్ధంగా ఎక్కువ వస్తుంది, వంకర చెట్టు మంచి చెక్క చెట్టుగా లెక్కలోకి ఎక్కుతుంది. తర్వాత బిగువు కోసం నిలబడ్డ చెట్టులోనే ధ్వని వేగం కొలిచే పరికరాలు ఉన్నాయి, త్వరగా అవుతుంది.

జామాయిల్_గట్టు:

మన దగ్గర భద్రాచలం క్లోన్లు వేస్తే జామాయిల్ తోట మొత్తం అచ్చు పోసినట్టు వస్తుంది కదా. పైన్‌లో ఈ గింజలు, ఫ్యామిలీలు, సగటులు ఎందుకు? ఆ మేలైన చెట్టు కొమ్మనే కత్తిరించి వేరు పట్టిస్తే పోదా?

నిలువుగీత:

తేడా చెట్టు వయసులో ఉంది. జామాయిల్‌ను ఐదారేళ్లు చూసి, మంచిదని తేలాక నరికితే మోడు నుంచి లేత చిగుళ్లు వస్తాయి. ఆ చిగుళ్లకు వేరు సులువుగా పడుతుంది. రేడియేటా పైన్‌ను నరికితే మోడు అలా చిగురించదు. ఎనిమిదేళ్ల చెట్టు పై కొమ్మకు వేరు సరిగా పడదు, పట్టినా ఆ మొక్క ముసలి మొక్కలా పెరుగుతుంది. అంటే చెట్టు మంచిదని తేలే సమయానికి దాన్ని క్లోన్ చేసే వయసు దాటిపోతుంది.

దీనికి రెండు దారులున్నాయి. మేలైన సంకరపు గింజలు కొన్నే ఉంటే, వాటి మొక్కలను మోకాలెత్తున కత్తిరిస్తూ కంచెలా ఉంచి, లేతగా ఉన్నప్పుడే కటింగ్స్ తీస్తారు. ఇది ఫ్యామిలీని పెంచడమే, ఒక్క చెట్టును కాదు. మూడు నాలుగేళ్ల వయసు తల్లి మొక్క నుంచి తీసిన కటింగ్స్‌లో ఒక లాభం కూడా ఉంది. అవి గింజ మొక్కల కంటే తక్కువ ఒరుగుతాయి, కాండం తిన్నగా వస్తుంది. అంతకంటే ముదిరితే లావు తగ్గడం మొదలవుతుంది. రెండో దారి గింజలోని పిండం నుంచి కణజాలం పెంచి, కొంత ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర దాచి, మిగతా మొక్కలను తోటలో పరీక్షించడం. ఏ క్లోన్ మంచిదో తేలాక దాచిన లేత కణజాలాన్ని బయటికి తీస్తారు. ఖర్చు ఎక్కువ. అన్ని పిండాల నుంచీ కణజాలం రాదు కాబట్టి కొన్ని మంచి సంకరాలు ఈ దారిలో జారిపోతాయి.

ట్రయల్‌లో గింజ మొక్కలనూ కటింగ్స్‌నూ కలిపి పోల్చేవాళ్లు ఈ వయసు సంగతి మరువకూడదు. కటింగ్ తిన్నగా ఉందంటే అది జన్యువు వల్లనా, ముదురు వయసు వల్లనా తెలియదు.

తల్లివేరు:

మూడో ప్రశ్న మిగిలిపోయింది, ఎన్ని మొక్కలు, ఎన్ని చోట్ల అన్నది.

మళ్లీ అదే ఉదాహరణ. ఫ్యామిలీ వేరియన్స్ 0.30, ఫ్యామిలీకీ నేలకూ మధ్య పొత్తు (ఆ నేలకే పరిమితమైన తేడా) 0.15, మిగిలింది 8.55. ఫ్యామిలీకి 60 మొక్కలు ఉన్నాయనుకుందాం. మొత్తం ఒకే చోట వేస్తే ఫ్యామిలీ సగటు హెరిటబిలిటీ 0.51. మూడు చోట్ల 20 చొప్పున వేస్తే 0.61. ఆరు చోట్ల 10 చొప్పున వేస్తే 0.64. మొక్కల ఖర్చు ఒకటే. ఒకటి నుంచి మూడుకు వెళ్లినప్పుడు దూకింది, మూడు నుంచి ఆరుకు వెళ్తే కొద్దిగానే పెరిగింది. అందుకే మూడు లేక నాలుగు చోట్లు నా లెక్కలో సరైనవి. అయితే అవి నిజంగా వేర్వేరు నేలలు కావాలి. న్యూజిలాండ్‌లోని కైంగరోవా ప్యూమిస్ (అగ్నిపర్వతపు తేలిక రాయి) నేల మీద మూడు చోట్ల వేసి మూడు సైట్లు అనుకోకూడదు. ఒకటి అక్కడ, ఒకటి నార్త్‌లాండ్ బంకమట్టిలో, ఒకటి దక్షిణాన చలి ప్రాంతంలో ఉంటేనే డీబీహెచ్ వరుస ఎక్కడ తారుమారవుతుందో తెలుస్తుంది.

ఒక్కో ప్లాట్‌కు ఒక్క చెట్టే, అలాంటి పునరావృతాలు 20. పాత పద్ధతిలో పది చెట్ల వరుసలు వేసేవారు. వరుస మొత్తం ఒకే మంచి జాగాలో పడితే ఆ ఫ్యామిలీకి అదృష్టం కలిసొచ్చినట్టు. ఒక్క చెట్టు ప్లాట్లలో ఆ ప్రమాదం లేదు గానీ, గుర్తింపు తప్పితే మాత్రం సర్వం పోతుంది. చచ్చిన మొక్క చోట ఎవరో మరో మొక్క నాటి చెప్పకపోవడం ట్రయల్స్‌ను పాడుచేసే అతి మామూలు కారణం. చచ్చినచోటు ఖాళీగా వదిలి, ఖాళీ అని రాసుకోవడం మేలు. చుట్టూ రెండు వరుసలు కాపలా చెట్లు, వాటిని కొలవకూడదు. ప్రతి సైట్‌లోనూ ఒకే రకం కంట్రోల్ లాట్లు (పోలిక కోసం వేసే మొక్కలు) ఉండాలి, లేకపోతే ఒక సైట్ అంకెలను మరో సైట్‌తో ముడిపెట్టే దారం ఉండదు.

నర్సరీ దగ్గరే చాలా ట్రయల్స్ సగం చెడతాయి. ఫ్యామిలీ మొత్తాన్ని మడి అంచున ఒకేచోట పోస్తే, అంచు మొక్కల లావు ఆ ఫ్యామిలీ గుణంగా తోటలోకి వెళ్తుంది. నర్సరీలో కూడా చెదరగొట్టి పోయాలి. పెద్ద గింజల ఫ్యామిలీ మొదటి రెండేళ్లు ముందుంటుంది, తర్వాత ఆ తేడా కరిగిపోతుంది. అందుకని రెండో ఏటి ఎత్తు చూసి ఎవరినీ ఏరేయకండి.

కొలత ఏడు నుంచి తొమ్మిదేళ్ల మధ్య, పలుచన చేయడానికి ముందు. పలుచన చేశాక కొలిస్తే వంకర, సన్న చెట్లు అప్పటికే పోయి ఉంటాయి, చెడ్డ ఫ్యామిలీలు కూడా మంచిగా కనిపిస్తాయి. అలాగని ఆలస్యమూ చేయకూడదు. కొమ్మలు కలిసి పోటీ ముదిరితే పెద్ద చెట్టు పక్కనున్నదాన్ని నొక్కేస్తుంది. అప్పుడు కనిపించే తేడాలో పక్క చెట్టు వాటా కూడా ఉంటుంది. డీబీహెచ్ న్యూజిలాండ్‌లో 1.4 మీటర్ల దగ్గర తీస్తారు. ఆస్ట్రేలియాలో 1.3, మన దేశంలో 1.37. వేర్వేరు దేశాల అంకెలు కలిపేటప్పుడు ఇది చూసుకోండి. వాలు ఉంటే పై వైపు నేల నుంచి కొలవాలి, చెట్టు అడుగున పేరుకున్న ఆకు తీసేసి. ఆ ఎత్తులో కొమ్మ చక్రం పడితే దానికి పైనా కిందా సమాన దూరంలో రెండు కొలతలు తీసి సగటు వేయాలి. రేడియేటాలో చక్రాలు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ఇది తరచూ ఎదురవుతుంది.

లావు, నిటారుతనం, సాంద్రత మూడూ చేతికొచ్చాక ఒక్కోదానికి గీత గీసి, దాటనివాటిని కొట్టేయడం అలవాటుగా చేస్తారు. అది ఖరీదైన అలవాటు. సంబంధం లేని రెండు లక్షణాలపై ఇలా గీత గీసి చివరికి 10 శాతం ఉంచాలంటే ఒక్కోదానిలో 32 శాతాన్ని దాటనివ్వాలి, అప్పుడు ఒక్కోదానిపై ఎంపిక తీవ్రత 1.13కి దిగుతుంది. పైగా లావులో అద్భుతంగా ఉండి నిటారుతనంలో గీతకు వెంట్రుకవాసి కింద ఉన్న తల్లి పోతుంది. ప్రతి లక్షణానికీ డబ్బు విలువ కట్టి, జన్యు సహసంబంధాలతో కలిపి ఒకే సూచీగా చేసి దాని మీద వరుస వేయడం మంచిది. ఫ్యామిలీ సగటులు విడిగా తీయకుండా మొత్తం వంశవృక్షంతో బ్లప్ (జన్యు విలువలను అంచనా వేసే గణాంక పద్ధతి) నడిపితే చెట్టు సొంత అంకె, దాని తోబుట్టువుల అంకెలు, ఇతర సైట్ల అంకెలు సరైన పాళ్లలో కలుస్తాయి. ఆస్ట్రేలియాలో ట్రీప్లాన్ అనే లెక్కల వ్యవస్థ చేసే పని ఇదే.

చివరగా ఎంత రావచ్చో చూపిస్తాను. 100 తల్లులను మూడు చోట్ల 20 చొప్పున పరీక్షించి పైనున్న 10 తల్లులను గ్రాఫ్ట్ చేసి ఆర్చర్డ్ వేశారు. సంకలన జన్యు విచలనం సుమారు 1.1 సెం.మీ., ఖచ్చితత్వం 0.78, తీవ్రత 1.755. గుణిస్తే 1.5 సెం.మీ. పుప్పొడి కూడా ఆ పదింటిదే అయితే పిల్లల సగటు 20 బదులు 21.5, కాండం అడ్డకోత వైశాల్యంలో 15 శాతం పైన. మొదట్లో ఒక్క ప్లస్ ట్రీ గింజతో వచ్చిన 0.75కు ఇది రెట్టింపు. కానీ చుట్టుపక్కల తోటల నుంచి 40 శాతం పుప్పొడి వచ్చి పడితే ఇందులో ఐదో వంతు పోయి 1.2 మిగులుతుంది. న్యూజిలాండ్‌లో చేత్తో పుప్పొడి వేసే ఆర్చర్డ్‌లకు మారడానికి ఇది పెద్ద కారణం. ఆడ పూతకు సంచి కట్టి, ఏరిన తండ్రి పుప్పొడి ఊది, కాయ పండేదాకా రెండేళ్లకు పైగా ఆగాలి. ఆర్చర్డ్ వేసే చోటు ఎంచుకునేటప్పుడు చుట్టూ పైన్ తోటలు ఎంత దూరంలో ఉన్నాయో మొదట కొలిచి చూడండి, మిగతావన్నీ ఆ తర్వాత.